రెండేళ్లపాటు ఆ షాపులో అడుగు పెట్టకూడదన్నారు

బిల్లు కట్టి, కౌంటర్లు దాటి తలుపు దాకా వచ్చాను. "మేడమ్, ఒక్క నిమిషం" అని వెనక నుంచి పిలుపు. తిరిగి చూడకముందే నాకు అర్థమైపోయింది. నా హ్యాండ్‌బ్యాగులో ఒక లిప్‌స్టిక్, ఒక పెన్నుల ప్యాకెట్ ఉన్నాయి. రెండూ నేను కొనుక్కోగలిగినవే. ట్రాలీ నిండా ఉన్న మిగతా సామానుకి డబ్బు కట్టే వస్తున్నాను. అలా తీయడం అది మొదటిసారి కాదు, దొరకడం మొదటిసారి.

వెనక ఒక చిన్న గదికి తీసుకెళ్లారు. నన్ను ఆపిన సెక్యూరిటీ అమ్మాయికి పాతికేళ్లు కూడా ఉండవు. గట్టిగా ఒక్క మాట అనలేదు, కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చింది. మేనేజర్ రాగానే నేను అన్న మొదటి మాట: "ఈ అమ్మాయే నా బ్యాగులో పెట్టిందేమో కనుక్కోండి." ఆయన ఆ పిల్ల వైపు చూశాడు. ఆమె ముఖం పాలిపోయింది. కెమెరా రికార్డు వేసి చూపించేదాకా ఆ అబద్ధం మీదే ఉన్నాను.

చూశాక "డబ్బు కట్టేస్తాను, వదిలేయండి" అన్నాను. ఇప్పుడు కట్టినా తీసింది తీసినట్టేనన్నాడు. గుర్తింపు కార్డు నకలు తీసుకున్నారు, ఫోటో తీశారు. పోలీసుల్ని పిలవాలా వద్దా అని గది బయట మాట్లాడుకున్నారు. పిలవలేదు. రెండు కాగితాలు ముందు పెడితే చదవకుండా సంతకాలు చేసి బయటపడ్డాను.

ఆ సంతకాల గురించి కాస్త వివరంగా చెప్పాలి. తర్వాత ఒక లాయరుకి చూపిస్తే, ఆ రెండు కాగితాలూ ఒకటి కాదన్నారు. ఒకటి, షాపులోకి రావద్దన్న నోటీసు నాకు అందినట్టు. రెండోది, దొంగతనం చేశానని ఒప్పుకుంటూ రాసిన వాంగ్మూలం. కేసు నడిస్తే ఆ రెండోది నామీద సాక్ష్యమయ్యేది. చట్టం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. అయినా ఎక్కడైనా సరే, ఆ గదిలో ఎంత సిగ్గుగా ఉన్నా సంతకానికి ముందు చదువుకోవడానికి సమయం అడగాలి, నకలు అడిగి తీసుకోవాలి. తప్పు చేసిన మనిషికి కూడా ఆ మాత్రం అడిగే హక్కు ఉంటుంది.

నోటీసు ప్రకారం రెండేళ్లు. ఆ ఒక్క షాపే కాదు, ఆ కంపెనీవి ఎన్ని బ్రాంచీలుంటే అన్నీ, పార్కింగ్ స్థలంతో సహా. షాపు ఎంతమంది వచ్చిపోయే చోటైనా, దాని యజమాని ఫలానా మనిషి రావద్దని చెప్పవచ్చు. అలా చెప్పాక కూడా వెళ్తే చాలా దేశాల్లో అది అక్రమ ప్రవేశం కిందికి వస్తుంది. ఏమీ తీయకపోయినా, డబ్బిచ్చి కొనుక్కున్నా అంతే. ఇది తెలిశాక భయమేసి, ఏయే షాపులు వీళ్లవో చెప్పమని హెడ్డాఫీసుకి మెయిల్ రాశాను. రాయడానికి నాలుగు రోజులు పట్టింది. జాబితా పంపారు. అందులో వేరే పేరుతో ఉన్న చెప్పుల షాపు ఒకటి కనబడింది. అంతకు వారం ముందే పాపకి అక్కడ బూట్లు కొన్నాను.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ షాపులో సరుకు బాగోదని ఒకసారి, తలనొప్పి అని ఒకసారి, ఎనిమిది నెలలు నెట్టుకొచ్చాను. ఒక రాత్రి పాపకి మర్నాటికి చార్టు కావాల్సి వచ్చింది. ఆ వేళకి తెరిచి ఉన్నది అదొక్కటే. మా ఆయన కారు తీస్తానంటే నేను రానన్నాను. "అమ్మా, నీకు ఆ షాపంటే భయమా?" అంది పాప.

తను పడుకున్నాక ఆయనకి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఎన్నాళ్లనుంచి?" అన్నారు.

"అమ్మ పోయినప్పటినుంచీ అండీ."

"ఆ కాగితం ఏదీ, చూపించు."

రెండుసార్లు చదివి మడిచి ఇచ్చేశారు. మూడు రోజులు అవసరమైన మాటలే మాట్లాడారు. నాలుగో రోజు, కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే తోడు వస్తానన్నారు.

వెళ్లేముందు నేను బోలెడు చదివాను. అవసరం లేకపోయినా దొంగిలించాలనే కోరికని ఆపుకోలేని క్లెప్టోమేనియా అనే జబ్బు ఉందని, 1816లోనే ఆంద్రే మాథే అనే స్విస్ వైద్యుడు ఇలాంటి ప్రవర్తనకి పేరు పెట్టాడని, 1980లో వచ్చిన అమెరికన్ మానసిక వైద్యుల వర్గీకరణలో అది ఆవేశాన్ని అదుపు చేసుకోలేని రుగ్మతల్లో చేరిందని. నాది అదే కావాలని కోరుకున్నాను. జబ్బయితే అది నేను చేసిన పని కాదు గదా అనిపించింది. కౌన్సెలర్ తొందరపడలేదు. ఎప్పుడెప్పుడు తీశానో, ఆ రోజుల్లో ఏం జరిగిందో గుర్తున్నంతవరకు రాసుకురమ్మన్నారు. రాస్తుంటే నాకే కనబడింది. అమ్మను ఐదేళ్లు ఒక్కదాన్నే చూసుకున్నాను. ఆమె వస్తువుల గురించి అన్నయ్య ఫోన్ చేసి, నేను ఏమీ అనలేక పెట్టేసిన రోజులే అవన్నీ. అదే అమెరికన్ వర్గీకరణ 2013 నాటి కూర్పులో కూడా ఒక షరతు ఉందట: కోపంతోనో కక్షతోనో చేసే దొంగతనం క్లెప్టోమేనియా కాదు. నాది కోపం. ఆ ముక్క విని అక్కడే ఏడ్చేశాను. జబ్బే అయిన వాళ్లకి మందులూ చికిత్సా ఉన్నాయి, వాళ్లు సిగ్గుపడి దాచుకోకూడదు. నాకు కావలసింది మాత్రం అన్నయ్యతో మాట్లాడటం. మాట్లాడాను. ఒక్కసారితో తేలలేదు, ఇంకా నడుస్తోంది.

ఇప్పుడు చిన్న పర్సుతోనే షాపులకి వెళ్తున్నాను, కొనాల్సినవి రాసుకుని. అన్నయ్య ఫోన్ వచ్చిన రోజు అసలు వెళ్లను.

రెండేళ్లు నిండాక దానంతటదే అయిపోయిందనుకోకుండా హెడ్డాఫీసుకి మళ్లీ రాశాను. గడువు ముగిసింది, రావచ్చు, వివరాలు మాత్రం మా రికార్డులో ఉంటాయి అని జవాబొచ్చింది. ఆ జవాబు ప్రింటు తీసుకుని, మా ఆయనతో కలిసి అదే బ్రాంచికి వెళ్లాను. కొనడానికేమీ లేదు. ఆ సెక్యూరిటీ అమ్మాయి కోసం వెళ్లాను. ఏడాది కిందటే ఉద్యోగం మానేసిందన్నారు.

మేనేజర్ మాత్రం ఆయనే. నన్ను గుర్తుపట్టాడు. ఆ అమ్మాయికి రాసిన ఉత్తరం ఉన్న కవరు ఇచ్చాను. ఆమె ఎక్కడుందో చెప్పడం కుదరదు, అందుతుందని మాట ఇవ్వలేనన్నాడు. "ఆ రోజు మీరన్న మాటకి నేను కూడా ఆ పిల్లని అనుమానంగా చూశాను" అని కవరు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.