కిట్టులో గీత రాకపోతే మలేరియా లేనట్టేనా?

రాయగడ, గుణుపురం, కోరాపుట్ వైపు వానాకాలంలో చలిజ్వరం అంటే చాలు, ముందు బయటికొచ్చేది ఆశా దీదీ సంచిలోని రాపిడ్ కిట్టు. పావుగంటలో తేలిపోతుంది. "సి" అనే కంట్రోల్ గుర్తు దగ్గర ఒక్క గీతే వస్తే మలేరియా లేదంటారు. చాలాసార్లు ఆ మాట నిజమే. కాని ఆ గీత దేన్ని పట్టుకుని వస్తుందో తెలిస్తే, ఎప్పుడు నమ్మాలో, ఎప్పుడు స్లైడు (రక్తాన్ని గాజు పలకపై పూసి మైక్రోస్కోపులో చూసే పరీక్ష) తీయించమని పట్టుబట్టాలో తెలుస్తుంది.

పట్టీ లోపల పనిచేసేది యాంటీబాడీ, అంటే ఒక నిర్దిష్ట ప్రోటీన్‌ను గుర్తుపట్టి అతుక్కునే అణువు. ఎలుక ప్లీహంలోని కణాన్ని క్యాన్సర్ కణంతో కలిపి, ఒకే రకం యాంటీబాడీని ఎంత కావాలంటే అంత తయారుచేసే పద్ధతిని 1975లో కోలర్, మిల్‌స్టైన్ కనిపెట్టారు. కిట్లలో వాడేవి ఎక్కువగా ఆ కోవవే. కొన్నిటిని బంగారు రేణువులకు అంటించి పట్టీ మొదట్లో ఆరబెడతారు, కొన్నిటిని గీత ఉండాల్సిన చోట అతికిస్తారు. రక్తంతో పాటు పారే పరాన్నజీవి ప్రోటీన్ ఈ రెంటి మధ్యా ఇరుక్కుంటే రేణువులు అక్కడే పోగుపడి గీత తేలుతుంది. ఆ గులాబీ రంగు బంగారానిదే. అంత సన్నటి రేణువుల్లో బంగారం పసుపుగా ఉండదు, ఎర్రగా కనిపిస్తుంది.

మలేరియా పరాన్నజీవుల్లో ఎక్కువ ప్రమాదకరమైన జాతి ఫాల్సిపారం. దాని గీత వెతికే ప్రోటీన్ పేరు హెచ్ఆర్‌పీ2. దీన్నే ఎంచుకోవడానికి మంచి కారణం ఉంది. అందులో అలానిన్, హిస్టిడిన్ ఎక్కువగా ఉన్న చిన్న ముక్క పూసలదండలా మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఒక్క ప్రోటీన్ మీదే యాంటీబాడీకి బోలెడన్ని పట్లు దొరుకుతాయి, అందుకే గీత చిక్కగా వస్తుంది. చిక్కల్లా ఈ ప్రోటీన్ లేకపోయినా పరాన్నజీవి బతకగలగడమే. దాని జన్యువు 8వ క్రోమోజోమ్ చివర, తెగిపోయే అవకాశం ఎక్కువగా ఉన్న చోట ఉంది. అది ఊడిపోయిన ఫాల్సిపారం మొదట పెరూలో బయటపడింది, 2010లో ఆ పరిశోధన అచ్చయింది. తర్వాత ఎరిత్రియా, ఇథియోపియా. ఒడిశా నమూనాల్లోనూ కనిపించింది. కిట్టులో దొరకని పరాన్నజీవికి మందు పడదు, మందు పడనిది దోమకెక్కి ఇంకొకరికి చేరుతుంది. అంటే కిట్టు తెలియకుండానే దాన్ని ఏరి పెంచుతోందన్నమాట. లోపించిన జన్యువు వల్లే తప్పుడు నెగటివ్‌లు 5 శాతం దాటితే వేరే రకం కిట్టుకు మారాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

13వ క్రోమోజోమ్‌పై హెచ్ఆర్‌పీ3 అనే చుట్టం ఉంది, దానిలోనూ అవే పూసలు. హెచ్ఆర్‌పీ2 పోయినా రక్తంలో పరాన్నజీవులు విపరీతంగా ఉంటే ఈ చుట్టం వల్ల పలచటి గీత రావచ్చు. అందుకే వెలిసినట్టున్న గీతనూ పాజిటివ్‌గానే లెక్కపెట్టాలి.

ఇక పెట్టె మీది అక్షరాలు చూడండి. "పీఎఫ్" అంటే ఫాల్సిపారం, "పీవీ" అంటే వైవాక్స్ అనే మరో మలేరియా జాతి. "పీఎఫ్/పీవీ" అని ఉంటే రెండో గీత వైవాక్స్ ఎల్‌డీహెచ్ అనే ఎంజైముకు మాత్రమే. జన్యువు ఊడిన ఫాల్సిపారం వస్తే రెండు గీతలూ రావు. "పీఎఫ్/పాన్" అని ఉంటే రెండో గీత అన్ని జాతుల ఎల్‌డీహెచ్‌నూ పడుతుంది. అప్పుడు అదే రోగికి పాన్ గీత ఒక్కటే వస్తుంది, చూసేవాళ్ళు వైవాక్స్ అనుకుని క్లోరోక్విన్ ఇచ్చేస్తారు. ఈ రెండో పొరపాటే నా లెక్కన ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే వైద్యం జరిగిందన్న ధీమా వస్తుంది.

అన్నీ ఎల్‌డీహెచ్ కిట్లే పెట్టొచ్చు కదా అంటారు. ఆ ఎంజైము లేనిదే పరాన్నజీవి బతకదు కాబట్టి జన్యువు ఊడే బెడద లేదు. కాని అది నాలుగు ముక్కల ప్రోటీన్, పూసలదండ కాదు. పట్లు తక్కువ, గీత పలచన, ఎండకు సాధారణంగా త్వరగా దెబ్బతింటుంది. యాంటీబాడీ ఇంజనీరింగ్ అవసరం ఇక్కడే. ఫేజ్ డిస్‌ప్లేలో కోట్ల రకాల యాంటీబాడీ ముక్కలను వైరస్‌ల ఒంటిమీద మొలిపించి, వేడి చేసి, కడిగి, అప్పటికీ వదలకుండా పట్టుకున్నవాటినే ఏరతారు. 2018లో స్మిత్, వింటర్‌లకు నోబెల్ వచ్చింది ఈ పనికే.

వాడేటప్పుడు జరిగే తప్పులకు మాత్రం ఏ ఇంజనీరింగూ మందు కాదు. స్పిరిట్ ఆరకముందే వేలు పొడిస్తే రక్తం పలచబడుతుంది. కావలసింది 5 మైక్రోలీటర్లే, పిప్పెట్‌లో గీత వరకు. ఎక్కువ పోస్తే పట్టీ అంతా ఎర్రబారి గీత కనబడదు. బఫర్ (కిట్టుతో వచ్చే ద్రవం) అయిపోయిందని సెలైన్, నీళ్ళు పోస్తే లేని గీతలు పుడతాయి. పెట్టెలో రాసిన నిమిషాలకే చూడాలి, గంట తర్వాత తేలిన గీతకు విలువ లేదు. "సి" గీత వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండకండి. ద్రవం పారిందని, బంగారు యాంటీబాడీ కదిలిందని మాత్రమే అది చెబుతుంది. రక్తం వేయకుండా బఫర్ ఒక్కటే పోసినా ఆ గీత వస్తుంది! ఎండలో నిలిపిన బండి డిక్కీలో కిట్లు ఉంచితే యాంటీబాడీలు పాడవుతాయి. పొట్లం ముందే చింపితే తేమ పడుతుంది.

ఇంకో వైపు, మందు వేసి పరాన్నజీవి చచ్చినా హెచ్ఆర్‌పీ2 వారాల తరబడి రక్తంలో ఉంటుంది. నెల తిరగకుండా మళ్ళీ జ్వరం వస్తే ఆ గీతతో తేల్చకూడదు, స్లైడే చూడాలి. కిట్టు నెగటివ్ అయి జ్వరం తగ్గకపోయినా అంతే. ఫిట్స్, మగత, ఎడతెగని వాంతులు ఉంటే గీతల చర్చ పక్కన పెట్టి ఆసుపత్రికి పరుగెత్తాలి.

స్లైడులో ఫాల్సిపారం ఉండి కిట్టులో గీత రాకపోతే ఆ రక్తం ల్యాబుకు వెళ్ళడం మంచిది. ఫిల్టర్ పేపరుపై రెండు మూడు చుక్కలు, ఒకదానికొకటి తగలకుండా. ల్యాబులో పీసీఆర్ (జన్యువును వెతికే డీఎన్‌ఏ పరీక్ష) చేసేటప్పుడు ఎంఎస్‌పీ1, ఎంఎస్‌పీ2 వంటి పరాన్నజీవి వేరే జన్యువులు పలికాయో లేదో ముందు చూస్తారు. అవీ పలకకపోతే డీఎన్‌ఏనే చెడింది, హెచ్ఆర్‌పీ2 ఊడిందని రాయడానికి వీల్లేదు. మన వానల్లో చెడేదీ ఇక్కడే. కాగితాన్ని ఎండలో కాదు, నీడలో, గాలి తగిలేలా పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఉండగానే జిప్ కవర్లో వేస్తే బూజు పడుతుంది. సిలికా జెల్ పొట్లంతో పాటు ఒక్కో కాగితాన్ని ఒక్కో కవర్లో పెట్టండి. ఆరబెట్టిన బల్ల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు ఉంచండి, లేకపోతే తెల్లారేసరికి చుక్కలను చీమలు తినేస్తాయి.