అమ్మానాన్నలతో బ్యాంకాక్ వెళ్ళేవాళ్ళకి

బ్యాంకాక్ వెళ్తున్నామంటే వైజాగ్‌లో ఇప్పటికీ సగం మంది అదోలా నవ్వుతారు. కుర్రాళ్ళు బ్యాచ్‌గా వెళ్తే ఆ నవ్వు సంగతి వేరు గానీ, ఈ మధ్య అమ్మానాన్నల్ని, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళు మా కాలనీలోనే చాలామంది అయ్యారు. అందరూ అడిగేవి అవే ప్రశ్నలు: ఎక్కడ దిగాలి, ఏం తినాలి, ఎలా తిరగాలి. ప్రతి ఒక్కళ్ళకీ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెట్టే ఓపిక లేదు కాబట్టి ఒకేసారి రాసేస్తున్నా.

ముందు హోటల్ సంగతి తేల్చుకోండి, మిగతా ట్రిప్పంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. మనకి మెట్రో లేదు. ఎంవీపీలో ఉన్నా మద్దిలపాలెంలో ఉన్నా బండి తీస్తే కాసేపట్లో బీచ్‌లో ఉంటాం, అందుకే హోటల్ అనగానే రూము ఫొటోలు, బ్రేక్‌ఫాస్ట్, స్విమ్మింగ్ పూల్ చూసి బుక్ చేసేస్తాం. బ్యాంకాక్‌లో అది కుదరదు, అక్కడ సాయంత్రం నాలుగు దాటాక నాలుగైదు కిలోమీటర్ల దూరానికి టాక్సీ ఎక్కితే గంట కూడా పట్టొచ్చు, మీటర్ తిరుగుతూ ఉంటుంది, వెనక సీట్లో నాన్నగారు "నడిచెళ్ళినా ఈపాటికి చేరేవాళ్ళం" అంటూ ఉంటారు. కాబట్టి రేటు కంటే, స్టార్ల కంటే ముందు చూడాల్సింది రైలు స్టేషన్‌కి ఎంత దూరం అన్నదే. పైన నడిచే స్కైట్రైన్‌ని బీటీఎస్ అంటారు, 1999లో మొదలైంది. ఊరి నడిబొడ్డున భూమి కింద నడిచేది ఎంఆర్‌టీ, అది 2004లో వచ్చింది. ఈ రెండింట్లో ఏదో ఒక స్టేషన్‌కి ఐదారు నిమిషాల నడక దూరంలో ఉన్న మామూలు హోటల్, దూరంగా ఉన్న పెద్ద హోటల్ కంటే నూరుపాళ్ళు నయం.

ఏజెంట్లు మనవాళ్ళని ఎక్కువగా నానా స్టేషన్ చుట్టుపక్కల దింపుతారు, ఇండియన్ రెస్టారెంట్లు ఉంటాయని. పగలు బానే ఉంటుంది. చీకటి పడ్డాక సోయ్ 4 అనే సందు వైపు బార్ల ముందు నుంచి అమ్మానాన్నలతో నడిచి రావాలంటే ఎవరు ఎటు చూడాలో తెలీక ఇబ్బంది పడతారు. ఫ్యామిలీ అయితే ఫయా థాయ్, రాచ్చథేవి, ఆరీ, లేకపోతే నది పక్కన సఫాన్ తక్సిన్ స్టేషన్ దగ్గర చూడండి. సఫాన్ తక్సిన్‌కి ఇంకో లాభం ఉంది, స్టేషన్ మెట్లు దిగితే పడవల రేవే. బుక్ చేసే ముందు మ్యాప్‌లో ఇంకోటి కూడా చూసుకోండి: కొన్ని స్టేషన్లలో లిఫ్టు రోడ్డుకి ఒక వైపే ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకి ఆ మెట్లు రోజుకి నాలుగుసార్లు ఎక్కి దిగడం అంటే చిన్న విషయం కాదు.

ఫ్లైట్ విషయానికొస్తే, వైజాగ్ నుంచి డైరెక్ట్‌గా ఉందా లేదా అన్నది సీజన్‌ని బట్టి మారిపోతుంటుంది. లేకపోతే కోల్‌కతా, చెన్నై, హైదరాబాద్ ఏదైనా పర్లేదు. బ్యాంకాక్‌లో ఎయిర్‌పోర్టులు మాత్రం రెండున్నాయని గుర్తు పెట్టుకోండి. ఒకటి సువర్ణభూమి, రెండోది డాన్ మువాంగ్. చవక ఫ్లైట్లు చాలావరకు డాన్ మువాంగ్‌లో దిగుతాయి. దిగింది ఒకచోట, తిరిగి ఎక్కాల్సింది ఇంకోచోట అయ్యే అవకాశం ఉంది, టికెట్ మీద రెండుసార్లు చూసుకోండి. సువర్ణభూమి నుంచి ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్‌లో ఫయా థాయ్ దాకా 45 బాట్లు (బాట్ అంటే థాయ్ డబ్బు), అరగంట. సామాను ఎక్కువుంటే మీటర్ టాక్సీ తీసుకోండి, మీటర్ మీద ఇంకో 50 బాట్లు ఎయిర్‌పోర్ట్ చార్జీ, ఎక్స్‌ప్రెస్‌వే టోల్ మనమే కట్టాలి, అది మోసం కాదు. సువర్ణభూమిలో క్షీరసాగర మథనం బొమ్మ పెద్దది ఉంటుంది, దేవతలు, రాక్షసులు, వాసుకి, అంతా. మనవాళ్ళు ఫొటోలకి అక్కడే గంట చేస్తారు, ఆ టైమ్ కూడా లెక్కలో వేసుకోండి.

వీసా రూల్స్ తరచూ మారుతున్నాయి, టికెట్ కొనే ముందు థాయ్ ఎంబసీ సైట్‌లో చూసుకోవడం తప్ప వేరే దారి లేదు. దాంతో పాటు 2025 మే 1 నుంచి టీడీఏసీ అని డిజిటల్ అరైవల్ కార్డు వచ్చింది. దిగడానికి ముందు మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో నింపాలి, ఒక్క పైసా కట్టక్కర్లేదు. డబ్బులడిగే సైట్ కనిపించిందంటే అది ఇమ్మిగ్రేషన్ వాళ్ళది కాదు, మూసేయండి.

డబ్బు గురించి రెండు ముక్కలు. మనం ఇక్కడ మురీ మిక్చర్ బండి దగ్గర కూడా ఫోన్ తీసి స్కాన్ చేసేస్తాం. అక్కడా తోపుడుబళ్ళ మీద క్యూఆర్ కోడ్లు కనిపిస్తాయి గానీ అవి వాళ్ళ బ్యాంకుల కోసం పెట్టుకున్నవి, మన ఫోన్‌పే మీద నమ్మకం పెట్టుకుని బయల్దేరకండి, చేతిలో బాట్లు ఉండాలి. ఏటీఎంలో తీస్తే ప్రతిసారీ రెండొందల బాట్లకి పైనే వాళ్ళ చార్జీ, ఆపైన మన బ్యాంకుది వేరే, కాబట్టి తీస్తే ఒకేసారి తీయండి. సువర్ణభూమిలో లగేజీ బెల్టు పక్కన డబ్బు మార్చే కౌంటర్ కంటే, కింద రైల్ లింక్ స్టేషన్ అంతస్తులో ఉన్న చిన్న కౌంటర్లలో రేటు మెరుగ్గా ఉంటుంది.

ఇక తిండి. అసలు టెన్షన్ ఇదే కదా. మాంసాహారులకి సమస్యే లేదు, మన ఫిషింగ్ హార్బర్ గాలి పీల్చినవాళ్ళని అక్కడి ఎండురొయ్యల వాసన ఏం చేయదు. శాకాహారులతోనే చిక్కు. కూరగాయలు మాత్రమే వేశామని చెప్పి ఇచ్చిన ప్లేటులో కూడా ఫిష్ సాస్ ఉంటుంది, ఆయిస్టర్ సాస్ ఉంటుంది, వాళ్ళ లెక్కలో అవి మాంసం కాదు, ఉప్పు లాంటివి. ఇంగ్లీషులో వెజ్ అని చెప్తే లాభం లేదు. "జే" అని అడగాలి. పసుపు రంగు బోర్డు మీద ఎర్రటి అక్షరాలతో ఆ మాట రాసి ఉంటుంది, ఫోన్‌లో ఫొటో పెట్టుకుని చూపించండి. జే అంటే మాంసం, చేప, గుడ్డు, పాలు మాత్రమే కాదు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. కార్తీకమాసం నియమాలు పాటించే అత్తయ్యలు కూడా నిశ్చింతగా తినొచ్చు. పెరుగు మాత్రం అందులో రాదు, సెవెన్ ఇలెవెన్‌లో కొనుక్కోవాలి, అదీ చాలావరకు తియ్యటిదే, డబ్బా మీద చూసి కొనండి.

దసరా సెలవుల్లో వెళ్తే తడిసిపోతారని అందరూ భయపెడతారు, నిజమే, సెప్టెంబరు, అక్టోబరుల్లో సాయంత్రం వాన దంచికొడుతుంది. కానీ చైనీయుల తొమ్మిదో చాంద్రమాసంలో వచ్చే శాకాహార పండగ చాలా ఏళ్ళు మన దసరాకి అటూ ఇటూగానే పడుతుంది. ఆ రోజుల్లో చైనాటౌన్ అయిన యావరాత్ నిండా పసుపు జెండాలే, మామూలు రోజుల్లో వెతికితే గానీ దొరకని జే తిండి వీధివీధినా దొరుకుతుంది. పైగా సీలోమ్‌లో తమిళులు కట్టిన మారియమ్మ గుడిలో నవరాత్రులు చేస్తారు, విజయదశమి రాత్రి ఊరేగింపు వీధిలోకి వస్తుంది, థాయ్ వాళ్ళు వీధి పొడవునా పళ్ళు, పూలు పెట్టుకుని కూర్చుంటారు. శాకాహార కుటుంబానికి నేనైతే గొడుగు పట్టుకుని ఆ రోజుల్లోనే వెళ్ళమంటాను. వాన వద్దనుకుంటే సంక్రాంతి సెలవులు, అప్పుడు వాతావరణం హాయిగా ఉంటుంది, రేట్లు మాత్రం ఎక్కువ. ఏప్రిల్‌లో వెళ్ళి ఏం చేస్తారు, ఆ ఉక్కపోత మనకి ఇంట్లోనే ఫ్రీ.

చూడాల్సినవాటిలో గ్రాండ్ ప్యాలెస్ ఎలాగూ ఉంటుంది. విదేశీయులకి టికెట్ 500 బాట్లు, పొద్దున్న ఎనిమిదిన్నరకి తెరుస్తారు, తెరిచే టైమ్‌కే అక్కడుంటే ఎండా తప్పుతుంది, జనమూ తప్పుతారు. షార్ట్స్, స్లీవ్‌లెస్ కుదరదు. చున్నీ కప్పుకుంటే సరిపోతుందిలే అనుకోకండి, ఒక్కోసారి ఒప్పుకోరు. గోడ పక్కన టిప్‌టాప్‌గా ఉన్న ఒకాయన వచ్చి "ఇవాళ ప్యాలెస్ మూసేశారు, ఏదో పూజ ఉంది, టుక్‌టుక్‌లో వేరే గుళ్ళు చూపిస్తా, 40 బాట్లే" అంటే, వినకుండా గేటు దాకా నడవండి. ఆ 40 బాట్ల టుక్‌టుక్ చివరికి రాళ్ళ నగల షాపులోనో, సూట్లు కుట్టే టైలర్ దగ్గరో ఆగుతుంది. ఎన్నో ఏళ్ళుగా నడుస్తున్న మోసం ఇది, ఇంకా నడుస్తూనే ఉంది.

లోపల మరకత బుద్ధుడి గుడి చుట్టూ వసారా గోడల మీద రామాయణం మొత్తం బొమ్మలు వేసి ఉంటుంది, 178 ఘట్టాలు. చాలా టూర్ బ్యాచ్‌లు బంగారు స్తూపం దగ్గర ఫొటో దిగి ఇది చూడకుండా వచ్చేస్తాయి, నాకు అదే బాధ. మన పెద్దవాళ్ళకి గైడ్ అక్కర్లేదు, జనకుడు నాగలితో కనిపించిన దగ్గర్నుంచి వాళ్ళే మనకి చెప్పుకుంటూ పోతారు. కాకపోతే వాళ్ళ రామాయణమైన రామకియన్‌లో హనుమంతుడు బ్రహ్మచారి కాదు, సముద్రంలో మత్స్యకన్యతో ప్రేమకథ కూడా ఉంది, ఆ సంగతి అమ్మలకి కాస్త ముందుగా చెప్పి ఉంచితే మంచిది.

అక్కణ్ణుంచి వాట్ ఫో గుడి నడక దూరమే. పడుకున్న బుద్ధుడు 46 మీటర్ల పొడవు, పాదాల మీద ముత్యపు చిప్పలతో 108 మంగళ చిహ్నాలు పొదిగారు. నేల మీద కూర్చుంటే కాళ్ళు విగ్రహం వైపు చాపకూడదు. తాతియన్ రేవు నుంచి నది దాటితే వాట్ అరుణ్. ఈ మూడూ ఒకే పూటలో పెట్టొద్దు, మధ్యాహ్నం హోటల్‌కెళ్ళి పడుకుని మళ్ళీ సాయంత్రం నది మీదికి రండి. వాట్ ఫో దగ్గరికి సనామ్ చాయ్ అనే ఎంఆర్‌టీ స్టేషన్ ఉంది, లేకపోతే సఫాన్ తక్సిన్ నుంచి నారింజ జెండా పడవ ఎక్కండి. టూరిస్టు పడవ కంటే చాలా చవక, చూసేది అదే నది.

రోడ్డు మీద టాక్సీ ఆపితే "మీటర్" అనండి, వద్దంటే వదిలేసి ఇంకోటి ఆపండి. మన ఆటోల్లో మీటరు చూసి ఎన్నేళ్ళయిందో గానీ అక్కడ అడిగితే వేస్తారు. లేకపోతే మన ఓలా, ఊబర్ లాంటి గ్రాబ్, బోల్ట్ యాప్‌లు ఉన్నాయి.

కొన్ని చిన్న విషయాలు. టాయిలెట్ల గురించి కంగారు వద్దు, దాదాపు అన్నిచోట్లా నీళ్ళ స్ప్రే ఉంటుంది. పొద్దున్న ఎనిమిదికి, సాయంత్రం ఆరుకి స్టేషన్లలో, పార్కుల్లో జాతీయగీతం వస్తుంది, అందరూ ఆగితే మీరూ ఆగండి. రాజుగారి మీద జోకులు వద్దు, జైలు శిక్ష పడే నేరం. బౌద్ధ భిక్షువుల్ని ఆడవాళ్ళు తాకకూడదు, రైల్లో పక్క సీటు ఖాళీగా ఉన్నా కూర్చోకండి. వేప్ సిగరెట్లు పట్టుకెళ్ళకండి, చట్టరీత్యా నిషేధం. అన్నిటికంటే ముఖ్యంగా మన బాబాయిల బ్యాచ్ కోసం: పేకముక్కలు ఇంట్లో వదిలేసి వెళ్ళమనండి. జూదం అక్కడ నేరం, దానికి తోడు 1935 నాటి చట్టం ఒకటుంది, ఒక మనిషి దగ్గర 120 ముక్కలకి మించి ఉండకూడదు. రమ్మీకి మూడు పేకలు కలిపి కూర్చుంటారు కదా, ఆ లెక్క మీరే వేసుకోండి.