దొరికింది సార్!

వెటర్నరీ కాలేజీలో మూడో సంవత్సరం గైనకాలజీ ప్రాక్టికల్‌లో నేనొక అబద్ధం ఆడాను. కాలేజీ సంచికకు ఏదైనా రాయమని కమిటీ వాళ్లు అడిగినప్పటి నుంచి వేరే సంగతులు ఎన్ని గుర్తు చేసుకుందామన్నా అదే ముందుకొచ్చి కూర్చుంటోంది. టూర్ల గురించీ హాస్టల్ డే గురించీ మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు. నేను నా అబద్ధం సంగతి చెప్పేస్తాను. కాకపోతే అది ఆ ఒక్కరోజులో పుట్టింది కాదు. మొదటి సంవత్సరం నుంచి మొదలుపెట్టాలి.

అనాటమీ హాల్లో మొదటిరోజు అందరం ఏడ్చాం. బాధతో కాదు, ఫార్మలిన్ ఘాటుకి. కళ్లు మండుతుంటే, ముక్కు కారుతుంటే, సార్ చూపించే నరం ఏదో ఎవరికీ కనపడలేదు. వారం తిరిగేసరికి మాకు అలవాటైపోయింది. మా పక్కన కూర్చునేవాళ్లకు మాత్రం ఎప్పటికీ అలవాటు కాలేదు. ఏప్రాన్ ఎన్నిసార్లు ఉతికినా ఆ వాసన పోదు. బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీ. బ్యాగు పెట్టుకోడానికి బాగుండేదనుకోండి.

అసలు టెన్షన్ ఎముకల వైవా. సార్ ఒక ఎముక తీసి చేతిలో పెట్టేవారు. రెండే ప్రశ్నలు. "ఏ జంతువు? ఏ వైపు?" మనుషుల వైద్యం చదువుతున్న నా స్నేహితురాలికి రెండో ప్రశ్న ఒక్కటే ఉండేది. మాకు ముందు అది ఎవరి కాలో తేలాలి. ఆవుకు పక్కటెముకలు 13 జతలు, గుర్రానికి 18. గుర్రానికి పిత్తాశయం ఉండదు. ఆవుకు పైదవడలో ముందుపళ్లు ఉండవు. ఆవు గుండెలో ఒక చిన్న ఎముక ఉంటుందని మొదటిసారి విన్నప్పుడు సీనియర్లు ఆటపట్టిస్తున్నారనుకున్నాం. తర్వాత చూస్తే నిజంగానే ఉంది! నా రూమ్మేట్ రాత్రిళ్లు నిద్రలో "గుర్రం... ఎడమ... గుర్రం" అని కలవరించేది. నేను లేచి కూర్చుని, అది ఎడమో కాదో ఆలోచించేదాన్ని.

ఆ వైవాల్లోనే ఒక కిటుకు పట్టుకున్నాను. "ఏ వైపు?" అన్నదానికి జవాబులు రెండే. "తెలియదు సార్" అంటే సున్నా. కళ్లలోకి చూసి గట్టిగా "కుడి" అన్నామా, సగం సార్లు మనదే గెలుపు. గొంతులో వణుకు లేకుండా చెప్పాలి, అంతే. ఆ సంవత్సరం మా బ్యాచ్‌లో అనాటమీ గట్టెక్కిన వాళ్లలో సగంమంది గొంతుతో గట్టెక్కినవాళ్లే. నేనూ అందులో ఉన్నాను.

రెండో సంవత్సరం అంకెల సంవత్సరం. కుక్క కడుపులో పిల్లల్ని 63 రోజులు మోస్తుంది, మేక 150, ఆవు 280 దాకా, గేదె 310, గుర్రం 340. వీటన్నిటిలో పంది ఒక్కటే మా మీద దయ తలచింది. మూడు నెలలు, మూడు వారాలు, మూడు రోజులు, మొత్తం 114. టెంపరేచర్లు కూడా ఇంతే. రూమ్మేట్‌కి ఒకసారి 102 డిగ్రీల జ్వరం వస్తే, థర్మామీటర్ చూసి "మేకకైతే ఇది నార్మలే" అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. లివర్ ఫ్లూక్ అనే పురుగు జీవితచక్రం గురించి అడక్కండి. మిరాసీడియం, స్పోరోసిస్ట్, రీడియా, సెర్కేరియా, మెటాసెర్కేరియా... ఆ పురుగు నత్తలో ఎంత అవస్థ పడుతుందో తెలీదు గానీ, మేం అంతకంటే ఎక్కువే పడ్డాం.

ఫార్మకాలజీకి వచ్చేసరికి నా కిటుకు మొదటిసారి భయపెట్టింది. జైలజిన్ అని ఒక మత్తుమందు ఉంది. అదే బరువున్న గుర్రానికి ఇచ్చే డోసులో పదో వంతు ఆవుకు సరిపోతుంది. అంటే ఒక దశాంశ బిందువు పక్కకు జరిగితే ఆవు పని అయిపోయినట్టే. మనుషులు రోజూ వేసుకునే పారాసిటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీస్తుంది, దాన్ని విరిచి బయటకు పంపే ఏర్పాటు పిల్లి లివర్‌లో సరిగా ఉండదు కాబట్టి. వీటిలో గట్టిగా చెప్పి నెగ్గేదేముంది? పరీక్ష రాసి వచ్చాక రాత్రి రెండింటికి మెలకువ వచ్చి, ఆన్సర్ షీట్‌లో బిందువు ఎక్కడ పెట్టానో గుర్తుకురాక తెల్లారేదాకా కూర్చున్న రోజులున్నాయి. అది కాగితం మీది ఆవే. అయినా కూర్చున్నాను.

ఇక చుట్టాలు. నువ్వు డాక్టరువా కాదా అన్నది వాళ్ల అవసరాన్ని బట్టి మారేది. ఫంక్షన్‌లో "పశువుల డాక్టరా, పోన్లే" అన్నవాళ్లే రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "మా కుక్క వాంతులు చేసుకుంటోంది, ఏం వేయమంటావమ్మా" అనేవాళ్లు. రెండో సంవత్సరం పిల్లకి ఏం తెలుస్తుంది? ఈ విషయంలో మాత్రం "నాకు తెలియదు, హాస్పిటల్‌కి తీసుకెళ్లండి" అనే చెప్పేదాన్ని. మార్కులు లేనిచోట నిజం సులువుగానే వస్తుంది.

ఇప్పుడు మూడో సంవత్సరం. ట్రెవిస్‌లో, అంటే పశువు కదలకుండా నిలబెట్టే చట్రంలో, ఆవు నిలబడి ఉంది. భుజం దాకా ప్లాస్టిక్ గ్లవ్, దాని మీద సబ్బునీళ్లు. వేళ్లు దగ్గరికి చేర్చి మెల్లగా మలద్వారంలోంచి చెయ్యి పంపాలి. ముందు పేడ తీయాలి. తర్వాత పేగు గోడ మీదుగా కింద ఉన్న గర్భసంచిని తడిమి గుర్తుపట్టాలి. చూసేది ఏమీ ఉండదు. కళ్లు పైకప్పు వైపో, ఆవు నడుము మీద వాలే ఈగ వైపో ఉంటాయి. అందరి ముఖాలూ ఒకేలా ఉంటాయి, ఏదో మర్చిపోయి గుర్తు చేసుకుంటున్నట్టు.

ఆవు ముక్కుతుంది. ముక్కినప్పుడు పేగు చేతి చుట్టూ బిగుసుకుంటుంది. మణికట్టు నుంచి మోచెయ్యి దాకా ఎవరో తడిగుడ్డ పిండినట్టు పిండేస్తుంది. అప్పుడు తోయకూడదు, లాగకూడదు, ఆ అల దాటేదాకా ఆగాలి. దాటేసరికి వేళ్లలో స్పర్శ ఉండదు. వెతకాల్సింది ఆ వేళ్లతోనే. గర్భసంచి ముఖద్వారం, అంటే సెర్విక్స్, గట్టిగా గొట్టంలా తగులుతుంది, దాని ముందు గర్భసంచి కొమ్ములు, వాటి పక్కన బాదంపప్పు అంత అండాశయం. ఆ అండాశయం మీద అండం విడుదలైన చోట ఏర్పడే బొడిపె ఉందా, ఉంటే ఏ వైపు? దాన్ని సి.ఎల్. అంటాం. అదీ ఆరోజు ప్రశ్న.

నాకు ముందు నలుగురు చూశారు. మొదటివాడు మా బ్యాచ్ టాపర్. "కుడివైపు ఉంది సార్" అన్నాడు. రెండోవాడు "కుడే సార్". మూడో అమ్మాయి, నాలుగోవాడు, అందరూ కుడే. ఐదు నా నంబరు. నా చెయ్యి పొట్టి. గ్లవ్ అంచు చంకలోకి వచ్చి బిగుసుకున్నా నాకు వేడి, మెత్తదనం, ఇంకాస్త పేడ తప్ప ఏమీ తగల్లేదు. సెర్విక్స్ కూడా దొరకలేదు. వెనకనుంచి సార్ గొంతు.

"దొరికిందా అమ్మా?"

"దొరికింది సార్."

"ఏ వైపు?"

"కుడి సార్." గొంతులో వణుకు లేదు.

సార్ ఏమీ అనలేదు. గ్లవ్ వేసుకుని తాను చెయ్యి పెట్టారు. ఆయన కళ్లు కూడా పైకప్పు వైపే ఉన్నాయి గానీ ముఖంలో వెతుకులాట లేదు. పది సెకన్లు పట్టి ఉంటుంది. చెయ్యి తీసి, గ్లవ్ తిరగేసి విప్పుతూ అన్నారు: "సి.ఎల్. ఎడమవైపు ఉంది. కుడివైపు దొరికింది మీరు ఐదుగురూ."

క్లాసంతా నవ్వింది. మేం ఐదుగురం ఆవు వైపు చూస్తూ నిలబడ్డాం. ఆవు మాత్రం ఏమీ పట్టనట్టు నెమరేస్తోంది.

ఆయన తిట్టి ఉంటే మర్చిపోయేదాన్నేమో. తిట్టలేదు. వారం తర్వాత కబేళా నుంచి తెప్పించిన గర్భసంచులు ట్రేలలో పెట్టి, పైన గుడ్డ కప్పి, గుడ్డ కిందకి చెయ్యి పెట్టి చూడమన్నారు. నా వంతు వచ్చినప్పుడు పక్కన నిలబడి మెల్లగా చెప్పారు. "రెండు నెలల చూడి ఆవుని ఖాళీ అన్నావనుకో. ఎదకు రప్పిద్దామని ప్రోస్టాగ్లాండిన్ వేస్తారు. కడుపు పోతుంది. ఖాళీ ఆవుని చూడి అన్నావనుకో, ఆ మనిషి నెలల తరబడి ఉత్తినే ఎదురుచూస్తాడు. దొరకలేదు అన్నావనుకో, ఇంకొకళ్లు చూస్తారు. అంతే కదా."

అంతే కదా అన్నారు గానీ అది అంత తేలిక కాదు. పక్కనున్నవాళ్లందరికీ దొరికి నీకొక్కదానికే దొరక్కపోతే తప్పు ఆవుది కాదు, నీదే అనిపిస్తుంది. ఆ ఐదేళ్లలో నన్ను ఎక్కువ నలిపింది సిలబస్ కాదు, నిద్ర లేకపోవడం కూడా కాదు. మిగతా అందరికీ అన్నీ తెలిసినట్టు కనపడటం. వాళ్లలో నలుగురు నాలాగే పైకప్పు చూస్తూ అబద్ధమాడుతున్నారని ఆరోజు బయటపడింది. నిజం చెప్పాలంటే సిగ్గుతోపాటు కొంచెం ఊరట కూడా కలిగింది.

సెర్విక్స్ మరో రెండు నెలలకు దొరికింది. ఎవరికీ చెప్పలేదు, చెబితే ఇన్నాళ్లూ దొరకలేదని ఒప్పుకున్నట్టవుతుందని.

నాలుగో సంవత్సరంలో ఒక సంగతి రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. క్లినిక్‌లో మొదటిసారి ఒక ముసలి కుక్కకు నొప్పి లేకుండా ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇవ్వడం చూశాం. దాన్ని తెచ్చినాయన కుక్క తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నా పని ముందుకాలి నరం ఉబ్బేలా బొటనవేలితో నొక్కి పట్టడం. అంతా అయ్యాక కూడా కుక్క కళ్లు తెరుచుకునే ఉన్నాయి. మూసుకుంటాయని ఎందుకో అనుకున్నాను. ఆయన "నిద్రపోయిందా?" అని నన్నడిగాడు, డాక్టర్ని కాదు. నేను తలూపాను. పావుగంటకి మాకు పౌల్ట్రీ క్లాసు. అటెండెన్స్ తీసుకుంటుంటే నా నంబర్ వచ్చినప్పుడు పక్కమ్మాయి మోచేత్తో పొడిచింది.

ఇంటర్న్‌షిప్‌లో ఒక రాత్రి. దూడ అడ్డం తిరిగిన కేసు. ఆవు అప్పటికే చాలాసేపటి నుంచి ముక్కుతోంది. డ్యూటీలో ఉన్నది ఆ గైనకాలజీ సారే. నన్నే ముందు చూడమన్నారు.

రెండు కాళ్లు తగిలాయి. ముందుకాళ్లా వెనక కాళ్లా? గిట్ట పైన కీలు, ఆ పై కీలు రెండూ ఒకే దిక్కుకు ముడుచుకుంటే ముందుకాలు. ఎదురెదురుగా ముడుచుకుంటే వెనక కాలు. వేళ్లతో వంచి చూశాను, రెండూ ఒకే దిక్కు. ముందుకాళ్లు. గిట్టల మధ్య గిల్లితే కాలు వెనక్కి లాక్కుంది. బతికే ఉంది! ఆ చిన్న లాగుడు నా చేతికి తెలిసినప్పుడు కలిగింది సంతోషమో భయమో ఇప్పటికీ చెప్పలేను. మరి ముందుకాళ్ల మధ్య ఉండాల్సిన తల లేదు. వెనక్కి తిరిగిపోయి ఉంటుంది. ఎటువైపు? తోక మొదట్లో ఎపిడ్యూరల్ మత్తు ఇచ్చినా ఆవు ఇంకా కొద్దిగా ముక్కుతూనే ఉంది. కుడిచెయ్యి మొద్దుబారింది. ఎడమచెయ్యి పెట్టాను. అదీ మొద్దుబారింది.

"తల దొరికిందా అమ్మా?"

"దొరకలేదు సార్."

"ఎటు తిరిగింది?"

"తెలియలేదు సార్. చెవి అనుకున్నది చెవో కాదో కూడా తెలియట్లేదు."

"జరుగు."

ఆయనకూ వెంటనే దొరకలేదు. దూడ రొమ్మును లోపలికి నెట్టి, చోటు చేసుకుని, ఎడమవైపు మెడ పట్టుకుని, మూతి మీద చెయ్యి వేసి తలను దారిలోకి తెచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆయన చెమట ఆవు తోక మీద పడుతోంది. తాళ్లు కట్టి, ఆవు ముక్కినప్పుడల్లా లాగాం. దూడ జారి గడ్డి మీద పడింది, కదల్లేదు. ముక్కూ నోరూ తుడిచి, గడ్డిపరకతో ముక్కులో కదిలించాను. ఒకసారి, రెండోసారి. తుమ్మింది.

సార్ చేతులు కడుక్కుంటూ "కేస్ షీట్ రాయి" అన్నారు. పెన్ను పట్టుకుంటే వేళ్లు మూసుకోవట్లేదు. రెండు చేతులూ ఒకేలా వణుకుతున్నాయి. ఎలాగో పది లైన్లు గీకి ఇచ్చాను. ఆయన దీపం దగ్గరికి తీసుకెళ్లి, కాగితాన్ని కాస్త దూరంగా పెట్టి, కాస్త దగ్గరగా పెట్టి చూశారు.

"ఏ జంతువు రాసిందమ్మా ఇది? ఏ వైపు చేత్తో?"