బాకీ ఉన్న కంపెనీ దివాలాకు వెళ్తే: నా అనుభవం

చర్లపల్లిలో మాది చిన్న అట్టపెట్టెల యూనిట్. ఒక మందుల కంపెనీకి ఏళ్ల తరబడి ఉద్దెర మీద మాల్ పంపాం. బాకీ తొమ్మిది లక్షల దాకా పేరుకుంది. వాళ్లిచ్చిన చెక్కు బౌన్సయింది. బ్యాంకు నుంచి రిటర్న్ మెమో (చెక్కు చెల్లలేదన్న చీటీ) అందిన 30 రోజుల్లోపే లాయర్ నోటీసు పంపించాం. 15 రోజుల గడువులో డబ్బు రాలేదు. చెక్కు బౌన్సుకు వర్తించే సెక్షన్ 138 కింద కంపెనీ మీద, సంతకం పెట్టిన డైరెక్టర్ మీద కేసు వేశాం.

దివాలా చట్టం కింద మేమే వెళ్దామంటే దారి లేదు. 2020 మార్చి నుంచి బాకీ కనీసం కోటి రూపాయలుండాలి. చిన్న సప్లయర్లకు ఇది అన్యాయమనే నేనంటాను. చివరికి ఆ కంపెనీకి అప్పిచ్చిన బ్యాంకు వెళ్లింది. నాగోలు దగ్గర బండ్లగూడలోని ఎన్‌సీఎల్‌టీ (కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్) పిటిషన్‌ను అడ్మిట్ చేసింది, పేపర్లో ప్రకటన పడింది.

"మారటోరియం వచ్చిందన్నా, ఇక పైసా రాదు" అని తోటి సప్లయర్లు ఆశ వదిలేసుకున్నారు. మారటోరియం అంటే కంపెనీ మీద కేసులు, వసూళ్లు ఆగుతాయి, అంతే. బాకీ ఎక్కడికీ పోదు. కానీ దివాలా ప్రక్రియ నడిపే రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కు మాకింత రావాలని క్లెయిమ్ వేయకుండా కూర్చుంటే నిజంగానే పోతుంది. కంపెనీని నిలబెట్టి ఎవరికెంత కట్టాలో చెప్పే రిజల్యూషన్ ప్లాన్‌కు ట్రిబ్యునల్ ఆమోదం పడ్డాక, అందులో లేని బాకీలు రద్దయినట్టేనని 2021లో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఈ సంగతి తెలియక ఎంతమంది నష్టపోతున్నారో తలుచుకుంటే బాధేస్తుంది.

మాలాంటి సప్లయర్లు క్లెయిమ్ వేయాల్సింది ఫారం బిలో. బిల్లులు, చలాన్లు, ఈ-వే బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంటు అన్నీ జతచేశాం. మా సీఏ మాత్రం "సార్, వాళ్లు బాకీ ఒప్పుకున్న కాగితం ఏదైనా ఉందా?" అని పట్టుబట్టారు. మార్చి నెలాఖరున వాళ్ల అకౌంట్స్ వాళ్లు ముద్ర వేసిచ్చిన బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ దొరికింది. దాని ముందు మిగతా కట్టంతా చిన్నబోయింది. చిన్న పరిశ్రమగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంది కాబట్టి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం వడ్డీ కూడా అడిగాం. ఆ వడ్డీ బ్యాంకు రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. దివాలా ప్రక్రియ మొదలైన తేదీ వరకే లెక్క కట్టాలి.

రిజల్యూషన్ ప్రొఫెషనల్ అసలు మొత్తం ఒప్పుకున్నారు, వడ్డీలో కొంత కోశారు. ప్లాన్ మీద నిర్ణయం తీసుకునే క్రెడిటర్ల (బాకీ రావాల్సినవాళ్ల) కమిటీలో ఓటు బ్యాంకుల్లాంటి ఫైనాన్షియల్ క్రెడిటర్లదే, మాకు లేదు. ప్లాన్‌లో మాకు దక్కేది తక్కువేనని అప్పుడే అర్థమైంది.

మాకు ఊపిరి పోసింది చెక్కు కేసే. మారటోరియంలో అది కంపెనీ మీద ఆగినా, డైరెక్టర్ మీద నడుస్తుంది. ఇదీ 2021లో సుప్రీంకోర్టు చెప్పిందే. ఆ డైరెక్టర్ లోక్ అదాలత్‌లో రాజీకొచ్చి చెక్కు మొత్తం కట్టాడు. ఆ డబ్బు అందిన సంగతి వెంటనే రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కు మెయిల్ చేసి, క్లెయిమ్‌లో అంత తగ్గించమన్నాం. ఎక్కడి నుంచి డబ్బు వచ్చినా అలా తెలపాల్సిందే. మిగిలిన దానికి మా పేరు ఇప్పటికీ క్రెడిటర్ల జాబితాలో ఉంది.