హంద్రీ వైపు వాటం

కర్నూలులో హంద్రీ నదికి ఆవల, కల్లూరు వైపు విస్తరించిన కాలనీల్లో ఒకదానిలో మా ఇల్లు ఉంది. గత వేసవిలో సెప్టిక్ ట్యాంకు నిండితే ట్యాంకరును పిలిపించాను. నాపరాయి మూతను గడ్డపారతో పక్కకు జరిపిన మనిషి ముందుగా ట్యాంకులోంచి బయటికి పోయే పైపు ఎటు వెళుతోందో చూశాడు. ఇంకుడు గుంతలోకి పోవలసిన ఆ పైపు నేరుగా వీధి కాలువలోకి తెరుచుకొని ఉంది. నల్లరేగడిలో నీళ్లు ఇంకవు గనుక, ఇల్లు కట్టిన మేస్త్రీ మాకు చెప్పకుండానే ఆ ఏర్పాటు చేసి వెళ్లాడన్నమాట. “ఈ వీధంతా ఇట్లనే సార్” అని అతను గొట్టం దించాడు.

వీధి కాలువ వాగులోకి, వాగు హంద్రీలోకి, హంద్రీ నగరం అంచున తుంగభద్రలోకి, అక్కడినుంచి శ్రీశైలం జలాశయంలోకి పోతాయి. మనం తాగే నీళ్లు ఎగువన తుంగభద్ర మీదున్న సుంకేసుల బ్యారేజీ నుంచి వస్తాయి కాబట్టి మన మురుగు మన కుళాయిలోకి రాదు; మనకు ఇంతకాలం పట్టకపోవడానికి అదీ ఒక కారణమే కావచ్చు.

మురుగునీటి పథకాలు వేసేటప్పుడు ఇంజనీర్లు మనిషికి రోజుకు 135 లీటర్ల నీటి సరఫరా, అందులో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందని లెక్క కడతారు. ఆ లెక్కన నగరంలో కొత్తగా చేరే ప్రతి లక్షమందికీ రోజుకు కోటీ 8 లక్షల లీటర్ల మురుగు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 2 వేలకు పైగా. అయినా మురుగు మాట వస్తే మన చర్చంతా శుద్ధి కేంద్రం చుట్టూనే తిరుగుతుంది. స్థలం, టెండరు, శంకుస్థాపన అన్నీ కంటికి కనబడేవి కదా! ఇంటి గోడ నుంచి వీధిలోని మ్యాన్‌హోల్ దాకా వేయవలసిన నాలుగు బారల పైపు గురించి మాత్రం ఎవరూ అడగరు. గచ్చుకు గ్రానైటు పరిచే ఇంటి యజమాని ఆ పైపు ఖర్చు దగ్గర వెనకాడతాడు, అందులో నేనూ ఉన్నాను. అందుచేత ఇంటి కనెక్షన్ ఖర్చును పథకంలోనే కలపాలని, సిమెంటు రోడ్డు వేయకముందే ఆ పైపులు వేసి తీరాలని నా అభిప్రాయం.

వేగంగా పెరిగే ఊళ్లో మరో చిక్కు ఉంది. భూగర్భ పైపులను 30 ఏళ్ల తర్వాతి జనాభాకు సరిపోయేలా వేస్తారు. అయితే సగం ప్లాట్లు ఖాళీగా ఉన్న కాలనీలో మొదటి పదేళ్లూ వాటిలో పారే నీరు తక్కువ. రద్దీ వేళలోనైనా ప్రవాహం సెకనుకు 60 సెంటీమీటర్ల వేగం అందుకోకపోతే ఇసుక అడుగున పేరుకుంటుంది, అక్కడ కుళ్లిన మురుగులోంచి పుట్టే వాయువు కాంక్రీటు పైపును పైభాగాన తినేస్తుంది. ఆ వేగమంతా వాటంలోనే, అంటే పైపుకు పెట్టే వాలులోనే ఉంది. వాటం కోసం లోతుకు పోయిన కొద్దీ పంపింగ్ స్టేషన్లు కావాలి, అవి పల్లంలో, అంటే నది ఒడ్డుకు దగ్గరలోనే ఉండక తప్పదు. 2009 అక్టోబరులో తుంగభద్ర ఈ నగరాన్ని ముంచిన మట్టాన్ని ఎరిగినవారెవరూ అక్కడి మోటార్ల ప్యానెల్ బోర్డులను నేలమీద పెట్టనివ్వరు. మిద్దెల మీది వాననీళ్ల గొట్టాన్ని మురుగు పైపులో కలిపేసే మన అలవాటు వేరే సంగతి. పెద్ద వాన పడితే మ్యాన్‌హోల్ మూతలు లేచేది ఎక్కువగా ఆ పుణ్యమే.

నేను కాలువలోకి పోయే పైపును మూయించి, పెరట్లో వెడల్పాటి ఇంకుడు గుంత తవ్వించాను. రేపు వీధి పైపు వచ్చినప్పుడు కలుపుకోవడానికి గేటు పక్కన ఒక చాంబరు కూడా కట్టించాను. వీధి పైపు ఎంత లోతులో వస్తుందో చెబితే దానికి తగ్గ వాటం పెడతానన్నాడు మేస్త్రీ. రెండుచోట్ల విచారించినా లోతు తెలియలేదు. చివరికి మూడడుగులని మేమే అనుకొని, పైపు కొసకు బిరడా బిగించి, పైన మట్టి కప్పాము.