జ్వరం లేని గర్భిణికి మలేరియా మాత్రలు ఎందుకు?

పార్వతీపురం ఏజెన్సీలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ల్యాబ్ టెక్నీషియన్‌గా 22 ఏళ్లు రక్తపూతలు చూసి, పదవీ విరమణ తరువాత బొబ్బిలిలో ఉంటున్నాను. గత నెల టాంజానియా నుంచి నా మేనకోడలు ఫోన్ చేసింది. అల్లుడి ఉద్యోగం అక్కడే. ఆమెకు తొలిచూలు, అయిదో నెల. "మావయ్యా, మొదటిసారి వెళ్లినప్పుడు రక్తం చూసి మలేరియా లేదన్నారు. ఇప్పుడు జ్వరమేమీ లేకపోయినా నర్సు ఎదురుగా నిలబెట్టి మలేరియాకని మూడు మాత్రలు ఒకేసారి మింగించింది. వచ్చే నెల మళ్లీ మూడు వేసుకోవాలట. జబ్బు లేని మనిషికి మందెందుకు? బిడ్డకేమైనా అవుతుందేమోనని భయంగా ఉంది" అంది.

ఆమె భయం సహజమే. మన జిల్లాలో గర్భిణికి రక్తం పరీక్షించి, పరాన్నజీవి కనబడితేనే మందు ఇస్తారు. అక్కడ ఇచ్చిన మందు సల్ఫాడాక్సిన్, పైరిమెథమిన్ కలిసిన మాత్ర. ఒక్కో మాత్రలో మొదటిది 500 మిల్లీగ్రాములు, రెండోది 25 మిల్లీగ్రాములు ఉంటాయి. మూడు మాత్రలు కలిపితే ఒక మోతాదు. మలేరియా వ్యాప్తి మధ్యస్థంగానో తీవ్రంగానో ఉన్న ప్రాంతాలలో గర్భిణులందరికీ, నాలుగో నెల మొదలైనప్పటి నుంచి, కనీసం నెల రోజుల ఎడంతో, కాన్పులోగా కనీసం మూడు మోతాదులు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంటికి ఇచ్చి పంపితే వేసుకున్నారో లేదో తెలియదు గనుక ఆరోగ్య కార్యకర్త ఎదుటే మింగించడం ఈ పద్ధతిలో భాగం. మొదటి మూడు నెలల్లో ఇవ్వకపోవడానికి కారణం పైరిమెథమిన్ ఫోలేట్ అనే విటమిన్‌కు (ఫోలిక్ యాసిడ్ దాని మాత్ర రూపం) అడ్డుపడే మందు కావడం. బిడ్డ అవయవాలు రూపు దిద్దుకునే కాలంలో ఆ ప్రమాదం వద్దని జాగ్రత్త.

రక్తంలో లేని జబ్బుకు మందెందుకన్న ప్రశ్నకు జవాబు మాయలో, అంటే గర్భంలో బిడ్డకు తల్లి నుంచి పోషణ అందించే ప్లాసెంటాలో ఉంది. ఫాల్సిపరం అనే జాతి మలేరియా పరాన్నజీవి చేరిన ఎర్ర రక్తకణాలు రక్తనాళాల గోడలకు అతుక్కునే స్వభావం కలవి. గర్భిణిలో వాటికి కొత్త చోటు దొరుకుతుంది. మాయలో ఉండే కాండ్రాయిటిన్ సల్ఫేట్-ఎ అనే పదార్థానికి అవి పట్టుకుని అక్కడే గుమిగూడతాయని 1996లో మిషల్ ఫ్రీడ్, పాట్రిక్ డఫీ అనే శాస్త్రవేత్తలు చూపారు. అలా అతుక్కునే రకాన్ని తొలిచూలు స్త్రీ శరీరం అంతకుముందు ఎరిగి ఉండదు. అందుకే మలేరియా మధ్యనే పుట్టి పెరిగి, దానికి కొంత తట్టుకునే శక్తి సంపాదించిన ప్రాంతాల స్త్రీలు కూడా మొదటి కాన్పులో ఎక్కువగా నష్టపోతారు. నా మేనకోడలి వంటి, ఆ శక్తి ఏమాత్రం లేని మనిషికైతే ఎన్నో కాన్పయినా ప్రమాదమే.

ఈ విషయం చదివిన రోజు నా ఉద్యోగం మొత్తాన్ని మళ్లీ తలచుకున్నాను. వేలి కొస నుంచి తీసిన చుక్కను గాజుపలకపై మందంగా పూసి, రంగు వేసి, మైక్రోస్కోపు ఆయిల్ లెన్స్ కింద నూరు ఫీల్డులు (లెన్స్‌లో ఒక్కసారికి కనబడే మేర ఒక ఫీల్డు) చూసి, ఏమీ లేకపోతే లేదని రాసేవాళ్లం. చేయి తిరిగిన టెక్నీషియన్ కూడా మైక్రోలీటరు రక్తంలో 50 పరాన్నజీవుల కంటే తక్కువ ఉంటే పట్టుకోవడం కష్టం. జ్వరం లేని గర్భిణిలో వేలి రక్తం శుభ్రంగా కనబడుతూ, మాయ మాత్రం పరాన్నజీవులతో నిండి ఉండవచ్చు. తల్లికి రక్తం తగ్గుతుంది, బిడ్డకు అందవలసిన పోషణ తగ్గుతుంది, పుట్టిన బిడ్డ రెండున్నర కిలోలకు తక్కువ తూగుతుంది. ఈ మూడు మాత్రలు ఆ దాగిన వాటిని తొలగించి, మందు రక్తంలో చాలా రోజులు నిలిచి ఉండడం వల్ల తరువాత కొన్ని వారాలపాటు కొత్తవి రాకుండా కాస్తాయి.

ఆమెను నేను ఒక ప్రశ్న అడిగాను: ఫోలిక్ యాసిడ్ ఏది వేసుకుంటున్నావు? ఇక్కడి నుంచి వెళ్లేటప్పుడు విజయనగరంలో కొన్న 5 మిల్లీగ్రాముల మాత్రలు రోజుకొకటి వేసుకుంటున్నానని చెప్పింది. అది నిజంగా పట్టించుకోవలసిన సంగతి. రోజుకు 5 మిల్లీగ్రాములు, అంతకు మించిన ఫోలిక్ యాసిడ్ ఈ మలేరియా మందు పనిని చెడగొడుతుంది, 0.4 మిల్లీగ్రాముల మోతాదు చెడగొట్టదు. మన సర్కారు ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండే 0.5 మిల్లీగ్రాములు కూడా ఆ చిన్న మోతాదుకు దగ్గరిదే. ఆ మాత్రల పట్టీ అక్కడి డాక్టరుకు చూపించి అడగమన్నాను. సల్ఫా మందులు పడనివారికి, హెచ్ఐవీ కారణంగా కోట్రైమాక్సజోల్ (అదీ సల్ఫా మందే) రోజూ వాడుతున్నవారికి ఇది ఇవ్వకూడదన్నది కూడా చెప్పాను.

మందుకు పరాన్నజీవి లొంగకుండా పోతోందన్న మాట నిజమే, తూర్పు ఆఫ్రికాలో మరీ ఎక్కువ. అయినా దీని మేలు పూర్తిగా పోలేదు. ఆఫ్రికాలో జరిగిన 7 పరిశోధనలను కలిపి చూసిన 2013 నాటి విశ్లేషణలో, రెండు మోతాదులు తీసుకున్నవారి బిడ్డలకంటే మూడు, అంతకు మించి తీసుకున్నవారి బిడ్డలు సగటున 56 గ్రాములు ఎక్కువ తూగారు. తక్కువ బరువు కాన్పులు అయిదో వంతు తగ్గాయి. డైహైడ్రోఆర్టిమిసినిన్-పైపరాక్విన్ అనే మరో మందుతో పోల్చినప్పుడు మలేరియాను ఆపడంలో అది ముందుంది గాని, బిడ్డ బరువు విషయంలో ఈ పాత మందే మెరుగని తేలింది. మలేరియాతో సంబంధం లేని మేలు కూడా ఇందులో ఉందని దీని అర్థం. ఇంత చవకైన మందు అయినా, ఆఫ్రికాలో మూడు మోతాదులూ అందుతున్న గర్భిణులు ఇంకా సగం మంది కూడా లేరన్నది నన్ను బాధించే విషయం.

మరి మన సీతంపేట, కురుపాం, సాలూరు కొండల్లో ఎందుకు ఇవ్వరని ఆమె అడిగింది. ఒకప్పుడు మన దేశంలోనూ ఫాల్సిపరం ఎక్కువగా ఉన్న చోట్ల గర్భిణులకు వారం వారం క్లోరోక్విన్ ఇచ్చే పద్ధతి ఉండేది. ఆ మందుకు లొంగని ఫాల్సిపరం 1973లో అస్సాంలో బయటపడి, తరువాత దేశమంతా పాకడంతో ఆ పద్ధతికి బలం పోయింది. మాత్ర మింగించే పద్ధతి వ్యాప్తి ఎక్కువగా ఉన్న చోట ఫలిస్తుంది. మన దగ్గర మలేరియా బాగా తగ్గింది. భారీ మలేరియా భారం గల దేశాల జాబితా నుంచి భారతదేశం 2024లో బయటికి వచ్చింది. పైగా ఇదే సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్‌ను మన దేశంలో ఆర్టిసునేట్ అనే మరో మలేరియా మందుతో కలిపి ఫాల్సిపరం చికిత్సకు వాడుతున్నారు. అందరికీ ముందస్తుగా పంచితే చికిత్సకు మిగలవలసిన మందు పదును పోతుంది. ఇంకో చిక్కు వైవాక్స్ అనే మరో జాతి మలేరియా పరాన్నజీవి. అది కాలేయంలో నిద్రాణంగా దాగి మళ్లీ లేస్తుంది. దాన్ని అక్కడ చంపే ప్రైమాక్విన్‌ను గర్భిణికి ఇవ్వకూడదు, కాన్పు తరువాతే ఆ చికిత్స.

ఈ కారణాలన్నీ సరైనవేనని నమ్ముతాను. అయితే మాత్ర ఇవ్వకూడదని నిర్ణయించుకున్న చోట పరీక్ష తప్పిపోవడానికి వీల్లేదు, ఎందుకంటే ఆ మాత్ర చేయవలసిన పనిని ఇక్కడ పరీక్షే చేయాలి. నేను పనిచేసిన రోజుల్లో ఒక గిరిశిఖర గ్రామం నుంచి ఏడో నెల గర్భిణి రెండుసార్లు తనిఖీకి దిగి వచ్చింది. రెండుసార్లూ మొహం పాలిపోయి ఉంది, రెండుసార్లూ ఐరన్ మాత్రలు ఇచ్చి పంపారు. జ్వరం లేదని రక్తపూత తీయలేదు. నెలలు నిండకుండానే డోలీలో మోసుకొచ్చారు. బిడ్డ 1,700 గ్రాములు. మర్నాడు తల్లికి చలిజ్వరం వస్తే అప్పుడు నా బల్ల మీదికి వచ్చిన పలకలో ఫాల్సిపరం ఉంగరాలు (ఉంగరం ఆకారంలో కనబడే పరాన్నజీవులు) ఫీల్డుకు నాలుగైదు కనిపించాయి. ఆరో రోజున బిడ్డ పోయింది. మలేరియా ఒక్కటే కారణమని నేను అనలేను. కాని మొదటిసారి దిగి వచ్చిన రోజున ఒక చుక్క రక్తం తీసి ఉంటే నాకు ఈనాటికీ ఈ ఆలోచన ఉండేది కాదు. కొండవాగుల పక్కన, గెడ్డల ఒడ్డున ఉండే ఊళ్ల గర్భిణి ఏ కారణంగా ఆసుపత్రికి వచ్చినా, జ్వరం ఉన్నా లేకపోయినా, కిట్టుతో గాని పూతతో గాని మలేరియా చూడాలి. దోమతెర ఆమె మంచానికి అందిందా అని అడగాలి. పొరుగున ఒడిశాలో 2017 నుంచి దుర్గమ గ్రామాలలో జ్వరం లేనివారికి కూడా పరీక్షలు చేసి మందు ఇస్తున్నారు. గెడ్డకు ఇవతల ఉన్న మన ఊళ్లకూ అదే పట్టుదల కావాలి.

మేనకోడలు ఏడో నెలలో పురిటికి బొబ్బిలి వస్తోంది. ఇక్కడ ఆమెకు ఆ మాత్రలు ఎవరూ ఇవ్వరు, ఇవ్వవలసిన అవసరమూ లేదు. అక్కడ సోకినది ఇక్కడికి వచ్చిన కొన్ని వారాలకు, ఒక్కోసారి నెలలకు బయటపడవచ్చు. అందుకని టాంజానియా కార్డులో ఏ తేదీన ఏ మోతాదు మింగిందో స్పష్టంగా రాయించుకుని రమ్మన్నాను. దాన్ని ఇక్కడి మాతా శిశు సంరక్షణ కార్డుతో కలిపి ఒకే సంచిలో ఉంచమని, ఏ చిన్న జ్వరం వచ్చినా ముందుగా ఆ కార్డే డాక్టరు బల్ల మీద పెట్టమని మా అక్కకు రెండుసార్లు చెప్పాను.