గాడ్ ఆఫ్ వార్ 2 ఇంకా మొండికేస్తూనే ఉంది

ఈ ఆదివారమూ అదే వరస. సోనీ గేమ్ కన్సోల్ ప్లేస్టేషన్ 2లో ఈ ఆట డిస్క్ పెట్టాను. మోటార్ తిరిగింది, లేజర్ ముందుకీ వెనక్కీ టకటకా కొట్టుకుంది, చివరికి డిస్క్ చదవలేనని చెప్పే ఎర్ర తెర వచ్చి కూర్చుంది. ఒళ్లు మండిపోయింది.

మిగతా పనులు బాగానే అయ్యాయి. పాత సామాన్ల కొట్లో దొరికిన గేమ్ క్యాసెట్ల పిన్నులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే కాంట్రా మొదటిసారికే వచ్చేసింది. కంట్రోలర్ రబ్బర్లూ మార్చేశాను.

ఇక అసలు తలనొప్పి. నాది 50004 మోడల్. కువైట్ నుంచి వచ్చిన చుట్టాల సూట్‌కేసులో రాజోలు చేరి, అక్కణ్ణుంచి పాలకొల్లులో మా ఇంటికొచ్చింది. అడుగు నల్లగా ఉండే ప్లేస్టేషన్ 1 సీడీలు శుభ్రంగా చదువుతుంది. వైస్ సిటీ ఆట లాంటి, సమాచారమంతా ఒకే పొరలో ఉండే ఒక పొర డీవీడీలకూ ఢోకా లేదు. రెండు పొరల డీవీడీ పెడితేనే పేచీ. గాడ్ ఆఫ్ వార్ 2 ఆ రకమే.

విప్పగానే మీటర్ పెడితే డీవీడీ పాట్, అంటే లేజర్ బలాన్ని సర్దే చిన్న మర, 1040 ఓమ్‌లు చూపించింది. ఓమ్‌లు దించితే లేజర్ బలం పెరుగుతుంది. 960కి దించితే వైస్ సిటీ చదవడం వేగం పుంజుకుంది కానీ, గాడ్ ఆఫ్ వార్‌లో ఏ మార్పూ లేదు. 900 దగ్గర లోగో దాకా వచ్చి ఆగింది. 860 దగ్గరా అక్కడే ఆగింది. ఇంతకంటే కిందికి దించను. ఇవాళ్టి ఆట కోసం లేజర్ ఆయుష్షు తగ్గించడం నాకిష్టం లేదు, ఈ పాట్ తిప్పుడు మీద నాకు మొదట్నుంచీ పెద్దగా నమ్మకం లేదు కూడా. లేజర్ జరిగే పట్టాల మీద గట్టిపడిన పాత గ్రీజు తీసి తెల్ల లిథియం గ్రీజు రాస్తే చప్పుడు తగ్గింది, జబ్బు తగ్గలేదు. రెండు పొరలున్న వేరే డిస్క్ పెట్టినా అంతే, కాబట్టి తప్పు డిస్క్‌ది కాదు.

అసలు సంగతి తేమ మీటర్ దగ్గర బయటపడింది. వాన వెలిసిన పొద్దున హాల్లో 87 శాతం ఉంది, డిస్క్ చదవలేదు. అదే కన్సోల్‌ని ఏసీ గదిలో పెట్టి 56 శాతానికి దిగేదాకా ఆగితే, లోడయి రోడ్స్ మహావిగ్రహంతో యుద్ధం దాకా వెళ్లాను! హాల్లోకి తెచ్చాక సాయంత్రానికి మళ్లీ ఎర్ర తెర. అరగంట క్రాష్ బాండికూట్ ఆడి వేడెక్కించాక పెడితే హాల్లోనూ చదివింది. డిస్క్ ఒక్కదాన్నే వెచ్చబెడితే ప్రయోజనం లేదు. హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో పెట్టి లేజర్ దిమ్మను వెచ్చబెడితే మాత్రం చదివింది.

ఒక పొర డీవీడీ తన మీద పడిన కాంతిలో 45 నుంచి 85 శాతం దాకా వెనక్కి పంపుతుంది. రెండు పొరలదైతే 18 నుంచి 30 శాతమే. అంటే దారిలో పల్చటి మసక ఉన్నా ఒక పొరది గట్టెక్కుతుంది, రెండు పొరలది దెబ్బతింటుంది. పై లెన్సు ఇదివరకే తుడిచాను, దూదిపుల్లకి బూడిదరంగు మరక అంటింది. మా వైపు గాలి రైసుమిల్లు మీంచి వీస్తే డాబా మీద ఆరేసిన బట్టల మీద ఊక నుసి నల్లగా పడుతుంది. ఆ నుసే లెన్సు కింద ఉండే అద్దం మీద కూర్చుని, తేమ పీల్చుకుని మసకబారుతోందని నా అనుమానం.

తేమ లాగేస్తుందని బియ్యం డబ్బాలో పెట్టమన్నవాళ్లున్నారు. దానివల్ల తవుడు పట్టడం తప్ప ఒరిగేదేమీ లేదు. నేను సిలికా జెల్ వేసి మూత బిగుతుగా పట్టే డబ్బాయే వాడతాను. లేజరే మార్చేద్దామంటే, ఆన్‌లైన్‌లో కొత్తవని అమ్మే చవక లేజర్లు చాలావరకు పాతవాటికి మెరుగుపెట్టినవే.

హార్డ్‌డిస్క్ పెట్టేసుకుంటే ఈ గొడవే ఉండదు కదా అంటాడు భీమవరం బావ. ఆయన లెక్కలో స్వర్ణయుగం క్యాసెట్ల కాలంతోనే అయిపోయింది. "డక్ హంట్‌కి మించిన ఆట ఏదిరా?" అంటాడు. ఆ ఆటలో వాడే తుపాకీ పాత డబ్బా టీవీకి తప్ప ఇప్పటి పల్చటి టీవీలకు పనిచెయ్యదు బావా అంటే, అది టీవీ తప్పంటాడు. నాకైతే స్వర్ణయుగం 2001లో వచ్చిన జీటీఏ 3 నుంచి 2007లో వచ్చిన ఈ గాడ్ ఆఫ్ వార్ 2 దాకానే. అంత పెద్ద ఆట మొత్తం డిస్క్‌లోనే ఉంటుంది. అప్‌డేట్ అక్కర్లేదు, సర్వర్ అక్కర్లేదు, కరెంటుంటే చాలు. అందుకే డిస్క్ మీదే ఆడించాలని నా పట్టుదల.

వచ్చే వారం లెన్సు పక్కకి తీసి లోపలి అద్దం తుడుస్తాను. లెన్సుని పట్టుకునే తీగలు వెంట్రుకంత సన్నం, అదొక్కటే టెన్షన్. చలికాలం దాకా ఆగితే తేమ తగ్గి దానంతటదే చదివేస్తుంది, కారణం తేలదు. కాబట్టి ఈ వానల్లోనే విప్పాలి. తుడిచాక పాట్‌ని మళ్లీ 960కి తెచ్చి, హాల్లో 85 శాతం పైన తేమ ఉన్న రోజు చూస్తాను.

ఈలోగా 2009లో హైదరాబాద్‌లో తయారైన 'హనుమాన్: బాయ్ వారియర్' అనే ప్లేస్టేషన్ 2 ఆట కోసం వెతుకుతున్నాను. అదే ఏడు అక్కడే తయారైన 'దేశీ అడ్డా' నా దగ్గరుంది, కబడ్డీ కూడా ఉంది అందులో. అమలాపురం వైపు ఎవరి దగ్గరైనా హనుమాన్ డిస్క్ ఉంటే, గీతలున్నా ఫర్వాలేదు, మాన్యువల్‌తో సహా తీసుకుంటాను.